మీ గ్లాసు మీరే తెచ్చుకోండి

జూన్ 5కి మా కాలేజీ గోడ మీద అంటించిన పోస్టర్ రాసింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ ఏడాది ఎకో క్లబ్ బాధ్యత నాకు అంటగట్టారు. తెలుగు మేడమ్ కదా, స్లోగన్లు బాగా రాస్తుందని. ‘కాగితం గ్లాసు వద్దు, ప్లాస్టిక్ గ్లాసు వద్దు, మీ గ్లాసు మీరే తెచ్చుకోండి’ అని ఆకుపచ్చ అక్షరాల్లో రాసి, పక్కన ఓ మొక్క బొమ్మ పెట్టి, ప్రిన్సిపాల్ గారితో ‘భలే ఉందమ్మా’ అనిపించుకుని, వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకున్నాను.

రాత్రి అమ్మ ఫోను. స్టేటస్ మా మేనకోడలు చదివి వినిపించిందట.

“ఏమే, మళ్లీ మొదలెట్టేరా?”

“ఏంటమ్మా మొదలెట్టింది?”

“అదే, ఎవరి గ్లాసు ఆళ్లే తెచ్చుకోవాలని. మన సెంటర్లో కాఫీ హోటలాయన కూడా అదే అనేవోడు. కాపోతే నీలాగా బోర్డు రాయలేదు. రాయాల్సిన పని లేదు, అందరికీ తెలుసు.”

అమ్మ నవ్వింది. నాకు నవ్వు రావడానికి రెండు రోజులు పట్టింది.

తెలియని తమ్ముళ్లూ చెల్లెళ్ల కోసం చెప్తున్నాను. మా ఊరు కోనసీమలో, గౌతమికీ వశిష్టకీ మధ్య. అప్పట్లో సెంటర్లో ఓ పాక హోటలు ఉండేది. లోపల బల్లల మీద గాజు గ్లాసులు. బయట చూరు కింద ఓ చెక్క, దాని మీద బోర్లించిన మా పేట వాళ్ల గ్లాసులు. కొందరు సొంత గ్లాసు పంచెలో చుట్టుకుని వెళ్లేవారట. అందరితో సమానంగా డబ్బులిచ్చి, బయట నిలబడి తాగి, మన గ్లాసు మనమే కడిగి, మళ్లీ చెక్క మీద బోర్లించి రావాలి. హోటల్లో పాత్రలు వాడుకోనివ్వకపోవడం కూడా నేరమే అని 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం విడిగా పేరు పెట్టి మరీ చెప్పింది. మా అమ్మ పుట్టేనాటికే ఆ చట్టం ఉంది. చూరు కింద చెక్కా ఉంది.

నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో రెండు గ్లాసుల పద్ధతి మీద నాలుగు పేజీలున్నాయి. పోస్టర్ రాసేటప్పుడు ఆ నాలుగు పేజీల్లో ఒక్క ముక్క గుర్తు రాలేదు. డాక్టరేట్ అమ్మకి ఇచ్చి ఉంటే బాగుండేది.

మరి మా సెంటర్లో రెండు గ్లాసులు ఎలా పోయాయి? చట్టం వల్ల కొంత, కారంచేడు తర్వాత ఊరూరా మనవాళ్లు తిరగబడ్డం వల్ల చాలా అని నేను రాశాను. అది నిజమే. కానీ అమ్మ లెక్క వేరు. “తాగి పారేసే గ్లాసులొచ్చేకే పోయిందే అది.” అందరికీ ఒకటే ప్లాస్టిక్ గ్లాసు. ఎవడి ఎంగిలి వాడి చేత్తోనే చెత్తబుట్టలోకి పోతుంది. హోటలాయన ముట్టుకోనక్కర్లేదు, కడగనక్కర్లేదు, మనసు మార్చుకోనక్కర్లేదు. ఆయన ముందు ఎలా ఉన్నాడో తర్వాతా అలాగే ఉన్నాడు. మారింది గ్లాసు. కానీ ఆ గ్లాసు పట్టుకునే మా నాన్న మొదటిసారి లోపల బల్ల మీద కూచున్నాడు.

2022 జూలై 1 నుంచి ఆ గ్లాసు నిషేధం. నిషేధించవద్దని నేను అనడం లేదు. పంట కాలవల్లో ఏం కొట్టుకుపోతోందో రోజూ చూస్తూనే ఉన్నాను. ప్రపంచ పర్యావరణ దినానికి 2018లో ప్లాస్టిక్ మీద పోరాటమే అంశం, అప్పుడు ఆతిథ్యం మన దేశానిదే. 2023లోనూ అదే అంశం, 2025లోనూ అదే. ఎనిమిదేళ్లలో మూడుసార్లు ఒకే పాఠం చెప్పాల్సి వచ్చిందంటే పిల్లలు మొద్దులైనా అయ్యుండాలి, పాఠంలో ఏదైనా లోపమైనా ఉండాలి. లెక్చరర్‌గా నా అనుభవం రెండోదాని వైపే మొగ్గుతుంది.

సరే, పోస్టర్ రాసినదాన్ని, మాట మీద నిలబడాలి కదా. నెల రోజులు ప్రకృతికి హాని చెయ్యకుండా బతికి చూద్దామనుకున్నాను. ఆన్‌లైన్‌లో వెదురు బ్రష్షు, గుడ్డ సంచులు, కొబ్బరి చిప్పతో చేసిన గిన్నెలు రెండు తెప్పించాను. గిన్నెలు ఆరొందల తొంభై తొమ్మిది. కోనసీమ పిల్లని, రాజమండ్రిలో కాపురం, కొబ్బరి చిప్పలు బెంగళూరు నుంచి కొన్నాను. పెట్టె నిండా గాలి బుడగల ప్లాస్టిక్ చుట్టి పంపారు, పగలకూడదని. కొబ్బరి చిప్ప పగలగొట్టడానికి మా ఊళ్లో కత్తి కావాలి.

‘చేతికి చిప్ప వచ్చింది’ అంటే తెలుగులో ఏమిటో మీకు తెలుసు. నాకు మాత్రం జీఎస్టీతో కలిపి వచ్చింది.

పండక్కి ఊరెళ్లినప్పుడు ఓ గిన్నె అమ్మకి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది. “బాగా నున్నగా సేసేరే” అంది. చిన్నప్పుడు కళ్లంలో పనికెళ్తే దాహానికి చిప్పలోనే పోసేవారట. ఆ చిప్ప కూడా ఇంటి నుంచి తెచ్చుకోవాలి. లేకపోతే దోసిలి. ఇప్పుడు ఆ గిన్నెలో అమ్మ కోళ్లకి నూకలు వేస్తోంది. అన్నం తినమంటే మాత్రం తినలేదు. నేనూ బలవంతపెట్టలేదు.

ఆ సాయంత్రం అమ్మ తన జాబితా చదివింది. పళ్లు తోముకోడానికి వేపపుల్ల, లేకపోతే బూడిద. తలకి కుంకుడుకాయ, అదీ దొరికితే. గిన్నెలకి కొబ్బరి పీచు, బూడిద. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ. గంజి పారబొయ్యడం అన్న మాటే లేదు. ఇల్లు తాటాకు. ఇంట్లో చెత్తబుట్ట లేదు, ఎందుకంటే చెత్త లేదు. ఇప్పుడు జీరో వేస్ట్ అని వర్క్‌షాపులు పెట్టి నేర్పేదంతా అమ్మకి పుట్టుకతో వచ్చింది. ఎవరూ శాలువా కప్పలేదు. గోదారి ఒడ్డు రిసార్టుల్లో తాటాకు కప్పు వేసి, లోపల ఏసీ బిగించి పర్యాటకుల్ని పిలుస్తున్నారు. మా తాటాకు కప్పులు ఎండాకాలం వస్తే కాలిపోయేవి. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న తన పుస్తకానికి పేరే ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ అని పెట్టారు. 1975లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది దానికి. కోనసీమ పచ్చదనం మీద పద్యాలు రాసినవాళ్లకి ఈ ఎండాకాలం ఎందుకో కనపడలేదు.

అమ్మ మొదటిసారి ప్లాస్టిక్ బిందె కొన్న రోజు నాకు గుర్తుంది. నీలం రంగు. మెడ పట్టేయకుండా నీళ్లు తెచ్చుకోవచ్చని ఆ వారమంతా పేటలో అదే మాట. పైగా దానికి శాస్త్రం లేదు. మట్టి కుండకి మైల ఉంది, మనం తాకితే పగలగొట్టాలి. ఇత్తడికి చింతపండు పెట్టి తోమాలి. ప్లాస్టిక్ మన దేశానికి ఆలస్యంగా వచ్చింది కాబట్టి మనువుకి దాని గురించి ఏమీ తెలియదు. పెళ్లి పందిట్లో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ కూడా అంతే. అంతకుముందు కుర్చీ అంటే దొరగారి అరుగు మీద ఉండేది, మనకి నేల ఉండేది.

గుడ్డ ప్యాడ్ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. వాడమని ఓ స్నేహితురాలు చాలా చెప్పింది. మంచివే అయ్యుంటాయి. నేను ఎస్సీ హాస్టల్లో చదివాను. ఎనభై మంది ఆడపిల్లలకి నాలుగు బాత్రూములు. ఆ గుడ్డలు ఎక్కడ ఉతకాలో, ఎక్కడ ఎవరి కంటా పడకుండా ఆరేయాలో తెలిసినవాళ్లు ఆ సలహా ఇవ్వడానికి కొంచెం ఆలోచిస్తారు.

నా ప్రతిజ్ఞ అసలు కూలిపోయింది చేపల దగ్గర కాదు. చేపలకి స్టీలు క్యారేజీ తీసుకెళ్తే చేపలమ్మే అక్క “క్యారేజీ బరువు ఎవరు తీసెయ్యాలమ్మా?” అని రెండుసార్లు తూకం వేసి, నలుగురిలో నన్నో వింత జంతువులా చూసి, చివరికి ఇచ్చింది. అది ఫరవాలేదు. కూలిపోయింది ఆదివారం పెద్దకూర దగ్గర.

అద్దె ఇల్లు దొరకడానికి మేము రాజమండ్రిలో ఎన్ని గుమ్మాలు ఎక్కామో, ఎన్ని చోట్ల ‘ఏమి వండుకుంటారండీ?’ అనే ప్రశ్నకి నీళ్లు నమిలామో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. ఆ ప్రశ్నలో ‘ఏమి’ అంటే ఏమిటో కూడా మీకు తెలుసు. పెద్దకూర కొట్టువాడు ఏమీ అడక్కుండానే రెండు నల్ల కవర్లలో పెట్టి ముడేసి ఇస్తాడు. ఆ నల్ల కవరు మీ లెక్కలో నూట ఇరవై మైక్రాన్ల కంటే పలచటి నేరం. మా లెక్కలో అది పరదా. దాన్ని పట్టుకుని నేను మా వీధిలో తలెత్తుకుని నడుస్తాను. గుడ్డ సంచిలో తెస్తే మెట్ల మీద రక్తం చుక్కలు పడతాయి. స్టీలు క్యారేజీలో తెస్తే మూత తీసి చూసే ఇంటావిడ ఉంది. నెల రోజుల్లో నాలుగు ఆదివారాలు. నాలుగు వారాలూ రెండేసి కవర్లు. లెక్క దాచడం లేదు.

నా పర్యావరణ మిత్రులకి నా మీద కోపం రావచ్చు. అయితే వాళ్లకి ఒక సంగతి గుర్తు చెయ్యాలి. పశువు చచ్చిపోతే ఊరికి కంపు కొట్టకుండా ఎత్తుకెళ్లి, తోలు తీసి, ఆ తోలుతో చెప్పులు, మోట బొక్కెన, డప్పు చేసి, మాంసం తిని, ఏదీ వృథా పోనివ్వని వాళ్ల గురించి రీసైక్లింగ్ పుస్తకాల్లో ఒక్క అధ్యాయం నాకు చూపించండి. 2016 జూలై 11న గుజరాత్‌లోని ఊనాలో ఆ పని చేసినందుకే కొట్టారు. నెల తిరక్కముందే మన అమలాపురం దగ్గర సూదాపాలెంలో కొట్టారు. కరెంటు షాక్‌కి చచ్చిన ఆవు. తోలు తియ్యమని పిలిస్తే వెళ్లిన అన్నదమ్ములు. చెట్టుకి కట్టేసి కొట్టారు. అదే పని ఏ ఫ్యాక్టరీవాళ్లో చేస్తే సర్క్యులర్ ఎకానమీ అని అవార్డు ఇస్తారు.

‘లోకల్‌గా కొనండి, ఊళ్లో దొరికేదే తినండి’ అన్నది ఇంకో సూత్రం. వినడానికి ఎంత బాగుంటుందో. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు మనవాళ్లని వెలేశారు. పనికి పిలవలేదు, పాలు పొయ్యలేదు, సరుకులివ్వలేదు. ఊళ్లో దొరికేదే కొనాలంటే ముందు ఊరు అమ్మాలి కదండీ. బాబాసాహెబ్ 1948లో రాజ్యాంగ సభలో నిలబడి ఊళ్లని అంత తీసిపారేసింది ఊరికే కాదు.

ఇక స్టీలు నీళ్ల సీసా. నా దగ్గర రెండున్నాయి, చక్కగా ఉన్నాయి. వాటిలో పోసే నీళ్లు ఏవి అన్నదే ప్రశ్న. మా పేట చుట్టూ పదిహేనేళ్లలో రొయ్యల చెరువులొచ్చాయి. చేతి పంపు నీళ్లు ఉప్పగా అయిపోయాయి. ఇప్పుడు పేటలో ప్రతి గుమ్మం ముందూ ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యాను. కూలి డబ్బులో కొంత రోజూ ఆ క్యానుకే. గోదారి పక్కనే పుట్టి నీళ్లు కొనుక్కుంటున్నాం. భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని, ఆ వ్యర్థాలు గొంతేరు డ్రెయిన్‌లోకి వస్తే తమ బతుకు పోతుందని ఊళ్లకి ఊళ్లు కూచున్నప్పుడు 144 సెక్షన్ పెట్టారు, కేసులు పెట్టారు, ఆడవాళ్లని జైలుకి పంపారు. అది పర్యావరణ ఉద్యమం కాకపోతే ఇంకేది? ఆ రోజుల్లో మా కాలేజీ ఎకో క్లబ్ ఏం చేస్తోందని పాత రిజిస్టర్ తిరగేశాను. మొక్కలు నాటారు.

మేమూ ఈ ఏడాది నాటాం, దాచడం ఎందుకు. కడియం నుంచి తెచ్చిన నూట ఇరవై మొక్కలు, ఒక్కో మొక్కకీ ఓ నల్ల కవరు. ఫొటోలయ్యాక నూట ఇరవై కవర్లూ గ్రౌండ్‌లో ఎగురుతుంటే ఏరింది ఎకో క్లబ్ కాదు, స్వీపరమ్మ.

ఆ కవర్లు చూశాకే మా చిన్నమ్మ గుర్తొచ్చింది. మా చిన్నమ్మ అంబాసిడర్. వేళాకోళం కాదు. మన రాష్ట్రంలో పంచాయతీ చెత్త ఎత్తేవాళ్లకి గ్రీన్ అంబాసిడర్ అని పేరు పెట్టారు. తర్వాత 2021లో క్లాప్ పథకం వచ్చాక క్లాప్ మిత్ర అన్నారు. పేర్లు మారుతున్నకొద్దీ చిన్నమ్మకి కార్డులు మారాయి. జీతం ఆరు వేలు, అదీ మూడు నాలుగు నెలలకోసారి. పొద్దున్నే విజిలేసుకుంటూ రిక్షా తొక్కుకుని వెళ్తుంది. నెలకోసారి ఊరి పెద్దలు చీపుర్లు పట్టుకుని ఫొటో దిగితే చీపుర్లు అందించేదీ, తర్వాత తీసుకుని కడిగి పెట్టేదీ తనే.

నా నెల రోజుల తపస్సు గురించి చిన్నమ్మకి గొప్పగా చెప్పాను. తడి చెత్త, పొడి చెత్త ఎలా విడదీస్తున్నానో, కవర్లు ఎలా కడిగి ఆరబెడుతున్నానో. ఓపిగ్గా వింది. “నువ్వు విడదీత్తావు, బానే ఉంది. బండిలో మళ్లీ కలిపేత్తారే. మళ్లీ షెడ్డులో నేనే విడదియ్యాలి” అంది. అప్పుడు తన చెయ్యి చూపించింది. బొటనవేలి కింద పాత కోత. పగిలిన సీసా పెంకు. గ్లౌజులిస్తారు, ఒక జత, ఏడాదికి. పిల్లల డైపర్లు, వాడిన ప్యాడ్లు, ఇంజెక్షన్ సూదులు, అన్నం, అన్నీ ఒకే కవర్లో కట్టి ఇచ్చే ఇళ్ల పేర్లు వరసగా చెప్పింది. వాటిలో రెండిళ్లలో మేడ మీద మిద్దెతోట ఉంది, సేంద్రియ కూరగాయలు పండిస్తారు. నాకు తెలుసు వాళ్లు, పద్ధతైన మనుషులే.

“నువ్వేం చెయ్యొద్దే. గాజు పెంకులుంటే కాయితంలో చుట్టి, పైన రాసి పెట్టు. ప్యాడ్లు విడిగా కట్టు. నా జీతం ఎప్పుడు పడద్దో ఎవరినైనా అడుగు. నువ్వు చదువుకున్నావు కదా.”

ఆ నెలలో నేను కొన్న వెదురు బ్రష్షుకీ చిన్నమ్మ చేతికీ ఏ సంబంధమూ లేదని అప్పుడు అర్థమైంది. నేను నా మనసు శుభ్రం చేసుకుంటున్నాను, తను నా చెత్త శుభ్రం చేస్తోంది. జీతం గురించి సమాచార హక్కు కింద దరఖాస్తు రాసి ఇచ్చాను. పెంకులు చుట్టి పైన రాస్తున్నాను. రెండోది వెంటనే పని చేసింది. మొదటిదానికి జవాబు కోసం చూస్తున్నాను.

పోస్టర్ సంగతి చెప్పలేదు కదూ. జూలైలో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ చూశాను. నా పోస్టర్ పుణ్యమా అని లెక్చరర్లందరూ ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకున్నారు. స్టీలువి, పింగాణీవి, ఒకాయనది రాగిది. బీరువా మీద మిగిలిపోయిన కాగితం గ్లాసుల ప్యాకెట్ ఒకటి ఉంది. (కాగితం అంటాం గానీ లోపల పల్చటి ప్లాస్టిక్ పూతే.) అందులోంచి ఒకటి తీసి అటెండర్‌కి, ఒకటి స్వీపరమ్మకి టీ పోశారు. ఎవరూ కావాలని చెయ్యలేదు. వాళ్లకి పోస్టర్ సంగతి ఎవరూ చెప్పలేదంతే. నేనూ చెప్పలేదు. మా సెంటర్లో పాక హోటలు పోయి ముప్పై ఏళ్లయింది, నేను దాన్ని ఆకుపచ్చ అక్షరాలతో మళ్లీ తెరిచాను.

మర్నాడు స్టాఫ్ మీటింగ్‌లో ప్రతిపాదన పెట్టాను. ఒకే రకం స్టీలు గ్లాసులు ముప్పై కొందాం, గుర్తులు లేకుండా. ఎవరు తాగిన గ్లాసు వాళ్లే కడిగి ట్రేలో బోర్లించాలి. ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు. పర్యావరణం గురించీ మాట్లాడలేదు. “కడగడానికి స్వీపరమ్మ ఉంది కదా మేడమ్” అన్నారు ఒకరు. “గుర్తు లేకపోతే ఎవరి గ్లాసు ఏదో ఎలా తెలుస్తుంది?” అన్నారు ఇంకొకరు. తెలియకూడదనే కదండీ అన్నాను. కొంచెంసేపు ఫ్యాను చప్పుడు వినిపించింది. ప్రిన్సిపాల్ గారు మాత్రం ‘సరే కొనండి’ అన్నారు.

కొన్నాం. మొదటిరోజు స్వీపరమ్మ తన గ్లాసు కడిగి కిటికీ గట్టు మీద విడిగా పెట్టింది. నేను తీసి ట్రేలో మిగతావాటి మధ్య పెట్టాను. రెండోరోజూ అంతే. ఐదోరోజుకి ఆవిడే ట్రేలో బోర్లించింది. ఇప్పుడు ఏది ఆవిడదో నాకు తెలియదు.

ముగ్గురు మాత్రం ఇంకా ఇంటి నుంచి పేరు చెక్కించిన గ్లాసులే తెచ్చుకుంటున్నారు. అడిగితే, “పోస్టర్‌లో మీరే కదా మేడమ్ రాశారు” అన్నారు.

జై భీమ్.